పదిహేడో రకం

జనవరి 22
అప్లికేషన్ తిరిగొచ్చింది. ఆలోచన మరీ కొత్తగా ఉందట, పనిచేస్తుందన్న రుజువు జతచేయమన్నారు. రుజువు చేయడానికే కదా నిధులు అడిగింది! ఒళ్ళు మండిపోయింది. మా ల్యాబ్ పెద్ద సాల్మెలా మాత్రం నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు కార్లా, పని ముందే చేసేసి, ఇకముందు చేస్తామని రాయాలి, ఆ మాత్రం తెలీదా నీకు అన్నాడు. నిధులు రాకపోతే జూన్‌తో నా ఉద్యోగం సరి. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 1
ఆదివారం. ల్యాబ్‌లో నేనూ, గాజుసామాను కడిగే జాయిసూ. లేక్ సుపీరియర్ సరస్సు మంచులో దొరికిన బ్యాక్టీరియా ఇరవై నాలుగు రకాలు. ఒక్కోటీ ఒక్కో జిగురు వదులుతుంది. అందులో ముంచిన పంది కిడ్నీ ముక్క గడ్డకట్టి కరిగినా పగలకూడదు. పగలకపోతే, దానమిచ్చిన కిడ్నీని రోజు కాదు, నెలలు దాచవచ్చు. ఈ చీమిడి మీదున్న ప్రేమలో సగం మొగుడి మీద పెట్టుంటే విడాకులయ్యేవి కావు కదే అంది జాయిస్. నిజమే.

మార్చి 9
పగల్లేదు! ఒక్క ముక్క, ఒకే ఒక్కటి, కోసినప్పటి రంగులోనే ఉంది.

మార్చి 9, మధ్యాహ్నం 3
ఏ రకమో తెలీదు.

ఫ్రీజర్‌లోంచి తీసిన ప్రతి ట్యూబునీ స్పిరిట్‌తో తుడవాలి. పదకొండేళ్ళ అలవాటు, చేయి దానంతటదే తుడిచేస్తుంది. స్పిరిట్‌కి చెరగని పెన్ను ల్యాబ్‌లో ఒక్కటే, ఎప్పుడూ ఎవరి జేబులోనో ఉంటుంది. ముక్కలున్న ట్యూబుల మీద చేతికందిన మామూలు మార్కర్‌తో నంబర్లు వేశాను. ఇరవై నాలుగు ట్యూబులూ తళతళలాడుతున్నాయి, ఒక్క అంకె లేదు. పోనీ వరస గుర్తుందా అంటే, పక్షపాతం రాకూడదని నేనే కలిపేశాను. జిగురంతా అయిపోయింది. అసలు బ్యాక్టీరియా నంబర్లతో సహా ఫ్రీజర్‌లో భద్రంగానే ఉంది, కానీ మళ్ళీ అన్నీ పెంచాలంటే ఆరు వారాలు, ల్యాబ్ దగ్గర లేని డబ్బూ కావాలి. అప్లికేషన్ మళ్ళీ పంపడానికి గడువు తొమ్మిది రోజులు. కోట్లు తగిలించే గదిలో కూర్చుని ఏడ్చాను.

మార్చి 13
సాల్మెలాకి చెప్పేశాను. తిట్టలేదు, అందుకే భయమేసింది. అప్లికేషన్‌లో ఏదో ఒక నంబరు వేసెయ్, నిధులొచ్చాక అసలుది తీరిగ్గా వెతుక్కుందువు, ఇప్పుడు నీతులు చెప్తే ఇద్దరం రోడ్డున పడతాం అన్నాడు. మీరే వేయండి అన్నాను. అప్లికేషన్ నీది, నంబరూ నువ్వే వెయ్యి అన్నాడు.

మార్చి 18, సాయంత్రం 4.40
పదిహేడు అని వేశాను. పదిహేడే ఎందుకో నాకే తెలీదు. సిగ్గుగా ఉంది.

జూన్ 11
నిధులొచ్చాయి. ఇరవై నాలుగింట్లో పదిహేడోదాన్ని పట్టుకోవడంలోనే మీ సృజన కనబడుతోందని మెచ్చుకుంటూ రాశారు. జాయిస్ కేకు తెచ్చింది. నా వాటా తనకే ఇచ్చేశాను.

జూన్ 16
ఏడాదికోసారి ఫ్రీజర్లు శుభ్రం చేసే రోజు. ఏ ప్రాజెక్టుకీ చెందనివన్నీ ఆవిరిలో ఉడికించి పారేయాలి. సాల్మెలా చేపల వేటకి తన క్యాబిన్‌కి వెళ్ళాడు. నిధులిచ్చిన సంస్థ మనిషి ల్యాబ్ చూడ్డానికి వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. అప్పుడే జాయిస్ ట్రే పట్టుకుని వచ్చి, నీ పదిహేడు తీసి పక్కన పెట్టానే, మిగతా ఇరవై మూడూ ఏం చెయ్యమంటావ్, కావాలా అంది. కావాలంటే ఎందుకని ఆయన అడుగుతాడు.

అక్కర్లేదు అన్నాను.

జులై 30
పదిహేడో జిగురులో ముంచిన ముక్క పగిలింది. మిగతావి మళ్ళీ తెచ్చుకుందామంటే సరస్సులో మంచు లేదు.