మస్తాన్‌బీ ఇంటి గుడ్డు

ఫిబ్రవరి 3, మంగళవారం
గుంటూరు నుంచి ఇప్పుడే పొదిలి చేరాం. నడుం పోయింది. మనవరాలు వాణికి గుండె గోడ మందమవుతోందట. ఒంట్లో కరగని చక్కెర నిల్వ, ఇన్నాళ్లూ కాలేయంలోనే అనుకున్నది, గుండెలోనూ పేరుకుంటోంది. పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆరేళ్ల పిల్ల!

"రోజూ ఏం పెడుతున్నారు?" అంది డాక్టరమ్మ. గొప్పగా చెప్పాను — గుడి నుంచి నేనే తెస్తానని. చక్కెర పొంగలి, దద్దోజనం. నీరసపడకూడదని దోసిట్లో పోసేవాణ్ణి. "అంత వద్దండీ పంతులుగారూ. ఒక్కసారే మానొద్దు, చక్కెర పడిపోతుంది. తగ్గించి, మాంసకృత్తులు పెంచండి. గుడ్డు పెడితే మంచిది."

నా చేత్తో నేనే పెట్టాను... "మీకెలా తెలుస్తుందండీ" అంది డాక్టరమ్మ. ఆ ఒక్క మాటకి ఆవిడకి దణ్ణం పెట్టాలి.

ఫిబ్రవరి 5
పనీరు పెడితే వాణి ఉమ్మేసింది. పప్పు సగం. కోడలు శారద నా వంక చూస్తుంది.

ఫిబ్రవరి 6
ఎదురింటి మస్తాన్‌బీ కుట్టుమిషను ఆపి వచ్చింది. గడప బయటే నిలబడి — "పంతులుగారూ, గుడ్డు నేను ఉడకబెడతానండీ. పాపను పంపండి చాలు." శారద చెప్పి ఉంటుంది, నేనడగలేదు. అడిగే ధైర్యం నాకెక్కడిది! వంటింట్లో మా ఆవిడ గిన్నెలు ఠంగుమనిపించింది. వద్దనలేదు.

ఫిబ్రవరి 9
అర్చన కాగానే వాణిని నేనే తీసుకెళ్తున్నా. తెల్లసొన తింటుంది, పచ్చసొన మస్తాన్‌బీ బతిమాలితే. నేను అరుగు మీద మొహం తిప్పుకుని... వాసన పడదు, ఏం చెయ్యను. తిరిగొచ్చాక మా ఆవిడ పెరట్లో పిల్లకి నీళ్లు పోసి, గౌను మార్చి గానీ లోపలికి రానివ్వదు.

ఏప్రిల్ 14
మస్తాన్‌బీకి జ్వరం. అయినా గుడ్డు ఉడికింది. ఇలాంటి మనిషిని ఎదురింట్లో పెట్టినందుకు స్వామికి రోజూ చెప్పుకుంటున్నా. గర్భగుడిలో గుడ్డు సంగతి ఎత్తే పూజారిని నేనొక్కణ్ణేనేమో.

ఆగస్టు 4, మంగళవారం
గుంటూరు. గుండెకి ఎకో పరీక్ష. డాక్టరమ్మ కొలిచింది, మళ్లీ కొలిచింది. "గోడ మందం తగ్గిందండీ. కొంచెమే. పూర్తిగా పోయిందనుకోకండి, ఆర్నెల్లకి మళ్లీ చూద్దాం. ఇకనుంచి రోజుకి రెండు గుడ్లు." ఏడ్చేశాను, అందరి ముందూ. సిగ్గేం లేదు.

ఆగస్టు 5
పొద్దున్నే మస్తాన్‌బీకి చెప్పాను. కొంగుతో మొహం కప్పుకుంది.

ఇంటికొస్తే మా ఆవిడ, స్టవ్ దగ్గర, నా వంక చూడకుండా — "రెండోది సాయంత్రం కదా. పాపం, ఆవిడొక్కతే ఎన్నని చేస్తుంది... ఎంతసేపు ఉడకాలో అడిగి రండి."

మన వంటింట్లో గుడ్డు! చెప్పులేసుకుని ఇది రాస్తూ కూచున్నా. ఇంకా వెళ్లలేదు.