వల కోసేసిన ఆట

బెంగళూరు

అక్కా,

నువ్వు, అమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాకిక్కడ ఏ లోటూ లేదు. ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. వల గొడవలో బావతో మాట మానేసి ఏడాది దాటింది. ఆ సంగతి ఫోనులో చెప్పడం నా వల్ల కాదు.

వేళకి తింటున్నానని అమ్మకి చెప్పు. ఇక్కడ ఎప్పుడూ సన్నజల్లు, చలి. ఏసీలు బాగుచేసే పని నిలకడగానే ఉంది. చెరువు చేపని తెచ్చి సముద్రం చేపంటారు, అదీ కళింగపట్నం వాడితో! మొదట్లో ఆదివారాలు గోడలు చూస్తూ గడిచేవి. నా గదిలో ఉండే బొబ్బిలి రమణ ఒక ఆటలోకి లాగాక ఆ బెంగ తీరింది.

ఐదుగురం బల్ల చుట్టూ కూర్చుంటాం. రమణతో పనిచేసే సుజాతగారు కథ నడుపుతారు, మిగతావాళ్ళం తలో వేషం కడతాం. "ఏరు పొంగింది, ఏం చేస్తారు?" అని ఆవిడ అడిగితే మనం చెప్పాలి. అనుకున్నది కుదురుతుందో లేదో పాచికలు వేసి తేలుస్తారు. నేను పాచికలే ఆట అనుకున్నాను. ఎక్కువ పడితే గెంతులు, తక్కువ పడితే మొహం వేలాడేసుకోవడం. ఎవరు గెలిచారని అడిగితే రమణ, "గెలుపేటిరా? నీ మనిషి ఏటి సేస్తాడో సూడు, అదే ఆట!" అన్నాడు.

పోయిన వారం ఆటలో నేను పడవ నడిపే సరంగుని. వలలో రాజుగారి నగలపెట్టె పడింది, అందరం లాగుతున్నాం. "దూరంగా ఒక పడవ తిరగబడింది. మీతో జగడమాడినవాళ్ళదే," అన్నారు సుజాతగారు. ముందు పెట్టె ఎక్కిద్దామా, పాచికలు వేద్దామా అని మిగతావాళ్ళు తర్జనభర్జన. నాకైతే ఆలోచనే రాలేదు.

"వల కోసేస్తన్నాను, పడవ తిప్పండ్రా!" అని అరిచేశాను.

"ఒరే, పెట్టి పోనాదిరా!" అన్నాడు రమణ.

"మునిగిపోతన్నోడుంటే వల కోసీడమే. మా ఊళ్ళో ఎందుకు కోసినావని ఎవుడూ అడగడు."

సుజాతగారు పాచికలు పక్కకి జరిపేసి, "ముందు ఎవరికి చెయ్యందిస్తావు?" అన్నారు. ముగ్గురినీ పైకి లాగాం. పెట్టె పోయిందని ఒక్కరూ విసుక్కోలేదు. గంటసేపు ఆ బతికినవాళ్ళకి పేర్లు పెట్టి, వాళ్ళ ఇళ్ళల్లో ఎవరెవరు ఎదురుచూస్తుంటారో చెప్పుకున్నాం. రమణ కళ్ళు తుడుచుకున్నాడు కూడా. లేని మనుషుల కోసం ఇంతమంది ఇంత ఇదిగా ఆలోచించే ఆట నేనింకోటి చూడలేదక్కా. భలే ఆట.

ఇంటికి నడుస్తుంటే నా మాటే నాకు గుచ్చుకుంది. బావ చేసిందీ అదే కదా. ఆ ఏడు చేపలవేట మొదలైన వారానికే, పక్క ఊరి పడవ తిరగబడితే, మన కొత్త వల కోసేసి వెళ్ళాడు. అందులోని ముగ్గురూ బతికారు. ఎందుకు కోసినావని రేవులో పదిమంది ముందూ నిలదీసింది నేనొక్కడినే.

అమ్మకి నా దండాలు, పిల్లలకి ముద్దులు. ఈ కింది నాలుగు ముక్కలూ బావకి చదివి వినిపించు.

బావా, తప్పు నాదే. ఈ ఆదివారం ఆటకి వెళ్ళను. మధ్యాహ్నం ఫోను చేస్తాను. అక్కకి ఇవ్వకు, నువ్వే ఎత్తు.

నీ తమ్ముడు,
అప్పన్న