మా గేదె రాణి ఎవరికి చెందాలంటే

భట్టిప్రోలు కాపురస్తురాలు, ప్రభువునందు నిద్రించిన కట్టుపల్లి దేవదానం గారి భార్య మాణిక్యమ్మ అను నేను, దేవుని దయవల్ల బుద్ధి చెక్కుచెదరకుండా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించుకున్న వీలునామా. ఆయాసం ముదిరింది గానీ మతి బాగానే ఉంది. ఎవరెవరు నా కడుపు మండించారో పేరుపేరునా గుర్తుంది. దీన్ని అమలు జరిపే బాధ్యత బర్నబాస్ మాస్టారిది. ఆయనే రాస్తున్నారు. తిట్లు తీసేయవద్దని ముందే చెప్పాను.

1. నేనుంటున్న పెంకుటిల్లు, వెనకనున్న గేదె పాకతో సహా, నా కుమారుడు కృపారావుకు సర్వహక్కులతో చెందవలెను. బాపట్లలో గుమాస్తా. మంచివాడే. కానీ పోయిన నెల వచ్చి, "పాలు గిట్టుబాటు కావట్లేదు, గేదెని కసాయివాడికి కోతకి ఇచ్చేద్దామమ్మా" అన్నాడు. గిట్టుబాటు కాని మాట నిజమే. అందుకని ఇల్లు వాడికి ఇస్తున్నాను, రాణిని ఇవ్వడం లేదు.

2. చల్లకవ్వం, వెన్న కాచే ఇత్తడి గిన్నె తెనాలిలో ఉన్న నా కుమార్తె పుష్పలతకు. కాలేజీ రోజుల్లో ఒంటికి నెయ్యి వాసన వస్తోందని తోటి పిల్లలు ఏడిపిస్తే, ఇంటికొచ్చి నా మీద అరిచింది. ఇప్పుడు తన పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, గిన్నె అడుగున మిగిలిన నేతి గసి అన్నంలో కలిపి పెట్టమంటుంది. పెట్టుకో తల్లీ, ఇక గిన్నె నీదే.

3. ఐరోపా ఆవుకు: ఏమీ లేదు. దీని సంగతి రాయించక తప్పదు. ఈ వేసవిలో మాస్టారు పేపరు చదువుతూ ఐరోపాలో సంస్కరణలు వచ్చాయన్నారు. మేము లూథరన్లం. మాకు సంస్కరణ అంటే లూథరు గారిదే. ఇంకొకటి కూడా వచ్చిందా, మంచిదేగా అన్నాను. ఆయన నవ్వారు. ఇది పాల సంస్కరణట. అక్కడ పాల ధర తగ్గిస్తారట, ఆ లోటు పూడ్చడానికి రైతు చేతికే ప్రభుత్వం డబ్బిస్తుందట. మిగిలిపోయిన వెన్నను ఓడెక్కించి పై దేశాలకు అమ్ముకోవడానికి ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న డబ్బు ఇంకా వేరట. అలా ఓడ దిగిన వెన్న నూనె, బటర్ ఆయిలంటారు, అదే రేపల్లెకొచ్చి నా నెయ్యి కన్నా చవగ్గా అమ్ముడుపోతోంది. ఆ ఆవును సర్కారు పోషిస్తోంది. నా రాణికి ఎండాకాలం పచ్చిగడ్డి కావాలంటే కాలవగట్టు వెంట తిరిగి నేనే కోసుకురావాలి. ఆ ఆవును నేను కంటితో చూడలేదు. అయినా దానిమీద ఉన్నంత అసూయ నాకు ఎవరిమీదా లేదు, ఒక్కరి మీద తప్ప.

4. ఆ ఒక్కరూ నా తోడికోడలు కుసుమకుమారి, రేపల్లెలో నెయ్యి కొట్టు యజమానురాలు. కాపురానికొచ్చిన రోజు నుంచీ అంతే. అత్తగారు ఆవిడకు పీట వేసేది, నాకు చాట ఇచ్చేది. ఏళ్ల తరబడి నా నెయ్యే అమ్మింది. బటర్ ఆయిల్ రాగానే నాది కొనడం మానేసి, అది అమ్మి డాబా కట్టింది. ఆ డాబా చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

పోయిన క్రిస్మస్‌కి ఆ డాబాలోనే భోజనానికి కూర్చున్నాను. నేతి సీసా మూతకు చుట్టిన గుడ్డ నా పాత చీరది, నేను నెయ్యి పోసిచ్చే సీసాలకు చుట్టేది. మా వీధి జ్ఞానమ్మ, పాస్టరు అయ్యగారి ఇంటికని చెప్పి నెలనెలా నా దగ్గర నెయ్యి కొనేది. ఎవరికి కొంటోందో అప్పుడు తెలిసింది. ఊరికి ఓడ సరుకు అమ్మి, తన పిల్లలకి మాత్రం నా నెయ్యి పెడుతోంది! మారు వడ్డించుకుని తిన్నాను.

కావున కుసుమా, రాణి నీకు. దాన్ని కోతకి పంపకుండా మేపే ఓపిక, అవసరం రెండూ ఉన్నది నీకే. షరతు ఒక్కటే. పాలేరును పెట్టకూడదు, నీ చేత్తోనే పితకాలి. పాట పాడితేగాని అది చేపదు, పొదుగులోంచి చుక్క దిగదు. నీ గొంతు తేనె అని మన లూథరన్ గుడిలో అందరూ అంటారు. నాది కప్ప గొంతు. నీ పాటకి అది నాకిచ్చినదానికన్నా ఎక్కువ ఇచ్చినా ఇవ్వొచ్చు. ఇస్తే పిల్లలకి పోసుకో. నా సమాధి దగ్గరికొచ్చి మాత్రం చెప్పకు.

భట్టిప్రోలు, 18-11-1999
(సంతకం) కట్టుపల్లి మాణిక్యమ్మ

సాక్షులు: ఎజ్రా, సంజీవరావు
రాసినది: బర్నబాస్