థ్యాంక్స్ చెప్పకూడని లిస్టు

మునియప్పన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మనం ఉచితంగా పంచే టైపింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల సందేహాల కోసం నువ్వు పెట్టిన మెయిలింగ్ లిస్టును, బెంగళూరు హూడిలో కూర్చుని ఇప్పుడు నేనొక్కడినే చూస్తున్నాను.

లిస్టులో ఎవరూ థ్యాంక్స్ చెప్పకూడదన్న నీ రూల్ అలాగే ఉంది. నేను చేరిన కొత్తలో రాసిన థ్యాంక్స్‌ను లిస్టుకు పోనీకుండా ఆపేసి, ఫోన్ చేసి మరీ తిట్టావు. "ఏమప్పా, నీకు సంతోషమైతే వెయ్యిమంది మెయిలు తెరవల్లనా? ప్రశ్న ఉండాదా, రాయి. లేదా, గమ్మునుండు." నువ్వు చెప్పిన చిట్కాతోనే పని చేసుకుంటూ ఆ రోజంతా నిన్ను తిట్టుకున్నాను.

ఈ పొద్దున జిగణిలోని ఒక ఫ్యాక్టరీ స్టోర్‌కీపర్ మెయిలు వచ్చి నా అనుమతి కోసం ఆగింది. లేబుళ్ల మీద అక్షరాల బదులు డబ్బాలు వస్తుంటే, నువ్వు ఎప్పుడో ఎవరికో రాసిన జవాబు వెతికి పట్టుకున్నాడట. నువ్వు లేవని తెలియక నీకే రాశాడు. "సార్, మీరు చెప్పినట్టే చేస్తిని, సరిపోయింది. శానా థ్యాంక్స్. జిగణికి రాండి, బిరియానీ తినిపిస్తాను."

ప్రశ్న లేదు కాబట్టి తిప్పి పంపాలి. కానీ బిరియానీ సంగతి నీ రూల్స్‌లో ఎక్కడా లేదు. అందుకని లిస్టుకు వదిలేశాను.

ఇక చూడు, గట్టు తెగింది. నీ చేత తిట్లు తిన్నవాళ్లంతా వరసకట్టారు. చందాపుర ఆయనైతే నువ్వు రెండుసార్లు ఆపేసిన థ్యాంక్స్‌నే మూడోసారి పంపాడు. కొత్తగా చేరినవాడొకడు "మెయిల్‌బాక్స్ నిండిపోతోంది, ఇక్కడ రూల్స్ లేవా?" అని కసిరాడు.

అచ్చం నీలాగే ఉన్నాడనిపించింది. అతనికి జవాబివ్వకుండా, నువ్వు అప్పట్లో ఆపేసిన నా మెయిలు కూడా వెతికి పంపేశాను.

సాయంత్రమైంది. ఇంకా నీ ఫోన్ రాలేదు.