కిటికీ పక్క గూడు

అక్కా,

మీ బడి పిల్లలకు చూపిస్తానని నువ్వడిగిన వీడియో ఇంకా పంపలేదని కోపం తెచ్చుకోకు. ఫోన్‌లో చెప్పడానికి ముఖం చెల్లక ఉత్తరం రాస్తున్నాను.

మా తరగతి కిటికీ పక్కన మందార పొదలో ఒక పిట్ట గూడు కట్టి మూడు గుడ్లు పెట్టింది. రోజూ ఫోన్‌తో తీసి, పిల్లల గొంతుతోనే కథ చెప్పిద్దామనుకున్నాను. ఆకుల నీడలో బొమ్మ మసకగా వస్తోందని, గూటికి అడ్డంగా ఉన్న నాలుగు రెమ్మలు నేనే కత్తిరించాను. బొమ్మ అద్దంలో చూసినట్టు వచ్చింది. ఎండ కూడా నేరుగా గుడ్ల మీదే పడింది. పిట్ట రెండు రోజులు అక్కడక్కడే తిరిగి, తర్వాత రావడం మానేసింది.

ఆ వీడియో పంపాల్సిన బడుల పోటీకి గడువు ముంచుకొచ్చింది. ఇంటర్నెట్‌లో దొరికిన, పిట్ట పిల్లలు ఎగిరిపోయే వీడియో ముక్కను చివర్లో అతికించాను. కథ చదివే పాప, "మన పిట్ట పిల్లలు పుట్టనే లేదు కదా మేడం?" అంది.

"రాసింది చదువమ్మా," అన్నాను. చదివింది. మొదటి బహుమతి వచ్చింది. ప్రకృతిని ప్రేమించడం నేర్పానని అందరి ముందూ నన్ను పొగిడారు. తలదించుకుంటే వినయం అనుకున్నారు.

నిన్న పోటీ వాళ్లకు ఉన్నదున్నట్టు రాసి బహుమతి తిప్పి పంపేశాను. ముగింపు మార్చి నీకు పంపుదామని పాపను పిలిచాను. మైకు ముందు బుద్ధిగా కూర్చుని, "ఈసారి ఏం జరిగిందని చెప్పమంటారు మేడం?" అంది.

ఎత్తిపొడుపు కాదక్కా, నిజంగానే అడిగింది.

నీ చెల్లెలు