ఏ హిల్యాని నిద్రపుచ్చాలి

మిషిగన్, ఉత్తరపు గట్టు
1986 డిసెంబరు 14, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రైనోకి,

బుధవారం మీరు డులుత్ రేవు నుంచి ఫోన్ చేసి, "గొంతు అలా ఉందేం?" అని అడిగితే జలుబు అన్నాను. జలుబు కాదు. ఫోన్‌లో మీ గొంతు వింటూ ఆ మాట చెప్పలేకపోయాను. కాగితం ఎదురుప్రశ్న వేయదు కదా అని చివరికి కలం పట్టాను. ప్రభువు దయవల్ల నేనూ, మన కుక్కా, పొయ్యిలో నిప్పూ బాగానే ఉన్నాం. ఓడలో మీ అందరినీ ఆయన ఆ గాలులనుంచి కాపాడాలని రోజూ అడుగుతున్నాను.

మీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. నీళ్ళ గొట్టానికి గోనెపట్టా చుట్టించాను, ఇంకా గడ్డకట్టలేదు. పొగగొట్టం శుభ్రం చేయించాను. కుక్క కాలి పుండు మానింది, ఇప్పుడు మీ కుర్చీలోనే పడుకుంటోంది, దించితే గుర్రుమంటోంది. మన పడవని కొట్టంలో పెట్టి గుడ్డ కప్పించాను.

"ముసలాయన ఉర్హో ఎలా ఉన్నాడు, ఈ ఏడాది కూడా మంచుమీద కుర్రాడిలా పరుగులు తీస్తున్నాడా?" అని కూడా అడిగారు. ఆ ప్రశ్న దగ్గరే మూడు రోజులుగా ఆగిపోయాను.

మా బీమా ఆఫీసులో నవంబరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. జింకల వేట మొదలయ్యే వారంలో ఊరంతా ఒక్కసారే ఫోన్ చేస్తుంది. పడవల బీమాని చలికాలానికి నిద్రపుచ్చమంటారు, మంచుమీద నడిపే మోటారుబండ్ల బీమాని లేపమంటారు. నిద్రలో ఉన్న బండికి నిప్పుకీ దొంగతనానికీ తప్ప దేనికీ బీమా ఉండదు. అది ఎవరినైనా గుద్దితే భారమంతా బండివాడిదే.

ఉర్హో తన పడవకీ మంచుబండికీ కూడా చనిపోయిన భార్య హిల్యా పేరే పెట్టుకున్నాడు. ఆరోజు ఫోన్ చేసి, "అమ్మాయ్ సైమా, హిల్యాని పడుకోబెట్టి హిల్యాని లేపు. బతికున్నప్పుడు ఎన్నడూ నా మాట వినలేదు, ఇప్పుడైనా వింటుందేమో చూద్దాం" అన్నాడు. నేను నవ్వుతూనే చీటీమీద రాసుకున్నాను. ఇంతలో ఇంకో ఫోన్ మోగింది. తర్వాత రెండు కార్డులూ తీసి, ఒక్కదానిమీదే 'నిద్ర' అని గుర్తు పెట్టి కంపెనీకి పంపాను. అది మంచుబండి కార్డు. వేసవినుంచీ నిద్రలో ఉన్నదాన్నే మళ్ళీ నిద్రపుచ్చాను. పడవేమో కొట్టంలో మెలకువగా ఉంది.

ఆరో తేదీ శనివారం, గడ్డకట్టిన సరస్సుమీద లోర్నా టీచర్ స్కీలు వేసుకుని వస్తుంటే ఉర్హో బండి గుద్దింది. ఆమె తుంటి ఎముక విరిగింది. మళ్ళీ నడుస్తుందంటున్నారు, కానీ నెలలు పడుతుందట.

సోమవారం మా యజమాని హౌగెన్ గారు ఆ కార్డు తెచ్చి నా బల్లమీద పెట్టారు. "సైమా గారూ, ఉర్హో ఫోన్ చేశాడా, లేదా? ఒక్క మాట చెప్పండి."

పదకొండేళ్ళ ఉద్యోగం, లోర్నా విరిగిన తుంటి, నష్టం కట్టడానికి ఉర్హో అమ్ముకోవాల్సి వచ్చే ఇల్లు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. "లేదండీ" అన్నాను.

అదీ రైనో, జలుబు. తప్పు చేసినందుకు కాదు, ఆ ఒక్క మాట అన్నందుకు భయంతో చచ్చిపోతున్నాను.

గురువారం ఉర్హో కూతురు డోరిస్ ఆయన్ని ఆఫీసుకి తీసుకొచ్చింది. మనిషి సగమైపోయాడు. "చేశాననే అనుకున్నాను" అన్నాడు.

"అనుకుంటావు నాన్నా. పోయిన వారం కాఫీలో ఉప్పు వేసుకున్నావు."

"అది ఉప్పు కాదే, నువ్వు చేసిన రొట్టె తిని కార్చిన కన్నీళ్ళు."

డోరిస్ నవ్వలేదు. ఉర్హో నావైపు తిరిగాడు. "నేను నీకు ఫోన్ చేశానా అమ్మాయ్? నువ్వు చెప్పు. నువ్వు అబద్ధమాడవు. నువ్వు లేదంటే లేనట్టే, నా బుర్ర పాడైనట్టే."

నేను తల దించుకున్నాను. ఆయన దాన్నే జవాబుగా తీసుకున్నాడు. జేబులోంచి బండి తాళం తీసి కూతురి చేతిలో పెట్టాడు. మంగళవారం ఆయన్ని మార్క్వెట్‌లో ముసలివాళ్ళ ఇంటికి పంపుతున్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, తన మతిని తానే నమ్మడం మానేశాడు. నా వల్ల.

పొద్దున చర్చిలో ప్రభురాత్రి భోజనపు రొట్టె అందుకోవడానికి లేవలేకపోయాను. మోకాలు నొప్పన్నాను. మరో అబద్ధం.

ఆ చీటీ నా దగ్గరే ఉంది. "హిల్యా నిద్ర, హిల్యా లేపు" అని నా పెన్సిలు రాతే. కాల్చేద్దామని రెండుసార్లు పొయ్యి తలుపు తెరిచాను, మళ్ళీ మూసేశాను. ఆఫీసు చేసే పొరపాట్లకి కూడా ఒక బీమా ఉంది. హౌగెన్ గారు ఎప్పుడూ అంటారు, "మన కలం జారితే కంపెనీ చూసుకుంటుంది, నాలుక జారితే ఎవరూ చూసుకోరు" అని. సోమవారమే నిజం చెప్పి ఉంటే లోర్నాకీ ఉర్హోకీ ఏ డబ్బు కష్టమూ ఉండేది కాదు. ఇప్పుడు నా అబద్ధం ఆ బీమాని కూడా మింగేస్తుందేమో తెలియదు. రేపు తొమ్మిదింటికి ఆయన నా మాటమీద సంతకం పెట్టి కంపెనీకి పంపుతారు.

ఎనిమిదింటికి తపాలా ఆఫీసు తీస్తారు. ముందు అక్కడికి వెళ్ళి ఈ ఉత్తరం పెట్టెలో వేస్తాను. ఇది డెట్రాయిట్ దగ్గర తపాలా పడవలోంచి బకెట్‌లో మీ ఓడమీదికి వస్తుంది, నేనెంత ఏడ్చినా వెనక్కి రాదు. మీకు తెలిసిపోతుందన్న భయం ఒక్కటే, ఆఫీసు మెట్ల దగ్గర నన్ను ముందుకు నెట్టగలదు. హౌగెన్ గారు సంతకం పెట్టకముందే చీటీ చూపించి నిజం చెప్తాను, ఆ తర్వాత అదే చీటీతో ఉర్హో ఇంటికి వెళ్తాను. "ఫోన్ చేశావు, నీ బుర్ర బాగానే ఉంది, పాడైంది నాది" అని డోరిస్ ముందే చెప్తాను. ఆయన నన్ను గుమ్మంలోకి రానివ్వకపోతే బయట నుంచునే చెప్తాను.

ఉద్యోగం పోతే మీరు కోప్పడరని తెలుసు. మీరు మాట్లాడకుండా కూర్చుంటారే, దానికే నాకు భయం. దయచేసి నాలుగు ముక్కలు రాయండి, తిట్లయినా సరే.

ఈ కాగితాలు మీ పెట్టెలో అడుగున దాచండి. ఓడమీద ఎవరికీ చూపించకండి. నా తప్పు ఊరికి నా నోటితోనే తెలియాలి.

ఇట్లు,
మీ ప్రార్థనలు కోరే భార్య,
సైమా