సూర్యాస్తమయాలు ఇక వేయను

అల్లుడుగారికి,

నా బొమ్మల కోసం మీరు ఇంటర్నెట్‌లో తెరిచిన పేజీని దయచేసి మూసేయండి. కోపంతో అడగడం లేదు. బస్సు నడపడం మానేశాక ఊసుపోక వేసుకుంటున్న బొమ్మల్ని నలుగురికీ చూపించింది మీరే. ఆ మేలు మరిచిపోను.

అయితే అందరూ సూర్యాస్తమయాలే అడిగారు, వేశాను. ఒకావిడ పక్షులు కూడా కావాలంది, అవీ పెట్టాను. చివరికి కుంచె పట్టుకుంటే చాలు, ఎవరేమంటారో అన్న గుబులు. నెల రోజులు ఒక్క గీత పడలేదు. ఈ సంగతి అమ్మాయికి చెప్పలేదు.

మొన్న మా డిపోలో బస్సులు కడిగే చోటు వేశాను. బురద నీళ్లు, చీపుళ్లు, బకెట్లు. మీ అత్తయ్య చూసి, "ఇదెవరికి కావాలండీ?" అంది.

"నాకే," అన్నాను.

కాసేపు అలాగే చూసి, "బకెట్ బోర్లించుకుని కూర్చున్నది మీ కండక్టర్ కదూ! అదే నవ్వు," అంది. ఆరేళ్ల కిందట పోయిన మనిషిని గుర్తుపట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ బొమ్మే మీకు పంపుతున్నాను. నచ్చకపోతే బీరువా వెనక పెట్టేయండి. మొహమాటానికి బాగుందని మాత్రం రాయకండి. మీ జవాబు వచ్చేసరికి నేను ఇంకో బొమ్మలో మునిగి ఉంటాను.

మీ మామయ్య